టీచరమ్మ నేర్పిన నవ్వులు

ఎవరైనా నవ్వితే నేనిప్పటికీ ఆ నవ్వు పేరు వెతుకుతాను. ఎనభైల మొదట్లో ఆ జబ్బు నాకు అంటించింది నగరి బడిలో మా ఇంగ్లీషు టీచరమ్మ. ఆమె ఏ మాటకూ అర్థం చెప్పేది కాదు, చేసి చూపించేది. స్మైల్‌కూ గ్రిన్‌కూ తేడా ఏమిటని అడిగితే చాలు, “రెండూ ఒకటే అయితే రెండెందుకు పుట్టినాయి?” అని మొదలుపెట్టేది. పెదవులు కదిలితే స్మైల్. పళ్లన్నీ బయటపడితే గ్రిన్. నోరు మూసుకున్నా ఆగకుండా కిచకిచమంటే గిగిల్. పక్కింటి మరమగ్గాల మోతను మించి నవ్వేవాళ్లం.

ఒకరోజు క్లాసంతా గిగిల్ సాధన చేస్తుండగా ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన బాగుందని రాస్తేనే ఆమె ఉద్యోగం పర్మనెంటు.

“ఏం జరగతా ఉండాది ఈడ?”

“పాఠం సార్,” అంది ఆమె, గిగిల్ మధ్యలోనే.

ఆపాలని చూసేకొద్దీ మాకు నవ్వు ఎక్కువైంది. ఆయన పెదవులు బిగబట్టాడు గానీ భుజాలు అదురుతున్నాయి. ముందు బెంచీ పిల్ల లేచి, “టీచర్, సార్‌ది ఏ నవ్వు?” అని అడిగింది.

ఆమె కళ్లజోడు సర్దుకుని ఆయన ముఖంలోకి పరీక్షగా చూసింది.

“ఇంకా తేలలేదు. రోంతసేపు సూస్తాం, ఉండండి.”

ఆయన తలుపు పట్టుకుని పగలబడి నవ్వాడు. ఆమె సుద్దముక్కతో ఆయన్నే చూపిస్తూ తీరిగ్గా చెప్పింది.

“ఇప్పుడు రాసుకోండి. ఇది లాఫ్.”