మల్లయ్య కాక యాట కత్తి

కుదిరిన పెళ్ళి సంబంధాన్ని ఒక్క అట్టముక్కతో పడగొట్టిన ఘనుడి కథ ఇది. ఆ ఘనుణ్ణి నేనే. సూరత్‌లోని మా తెలుగువాళ్ళలో ఇది పది రకాలుగా తిరుగుతోంది. పదింటిలోనూ మల్లయ్య కాకే గొప్పలకు పోయి అబద్ధమాడాడు. పాపం, ఆయన ఒక్క అబద్ధమూ ఆడలేదు. అన్నీ నావే.

అప్పుడు నాకు నలభై రెండేళ్ళు. జుట్టు పలచబడిన మగవాడికి ఏదో ఒక పిచ్చి పట్టాలి గనక, నాకు పాత వేట కత్తుల పిచ్చి పట్టింది. ఫోనులో నాలుగు వీడియోలు చూసి, పాతసామాన్ల సంతలో మూడు తుప్పు కత్తులు కొని, జేబులో భూతద్దం వేసుకోగానే పరిశోధకుణ్ణయిపోయాను. తుప్పు రంగు చూసి దేశం చెప్పేవాణ్ణి, మేకు తల చూసి కాలం చెప్పేవాణ్ణి. ఇంట్లో కూరగాయల కత్తి మొద్దుబారిందని మా ఆవిడ చెబితే మాత్రం వినపడేది కాదు.

మల్లయ్య కాక మా నాన్నకు తమ్ముడి వరస. సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి, లింబాయత్‌లో ముప్పై ఏళ్ళు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. ఒకరోజు ఆయన రేకుపెట్టెలో గుడ్డ చుట్టిన కత్తి కనపడింది. ఏమిటది అన్నాను.

"మా బాపు యాట కత్తి, బిడ్డా."

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మావాళ్ళ భాషలో యాట అంటే గొర్రె, కాకపోతే మేక. నేను సూరత్‌లో పుట్టి గుజరాతీ బడిలో చదివినవాణ్ణి. మా ఇంటికి మాంసం దుకాణం నుంచి సంచిలో వచ్చేది, దాని పేరు మటన్. తెలుగు నాకు పుస్తకాల్లోంచి వచ్చింది. చదువులేని కాక వేటను యాట అంటున్నాడని జాలిపడి, ఆ మాటను మనసులోనే దిద్దాను. తప్పులేని మాటను దిద్దడానికి ఎంత చదువు కావాలో చూడండి.

ఇక భూతద్దం బయటికి తీశాను. కత్తి బద్దకు ఒక చిల్లు ఉంది, గుర్రపు జీనుకు వేలాడదీయడానికి. పక్కన 31 అని అంకె ఉంది, అది సంవత్సరం. పిడి నున్నటి గట్టి కర్ర, ఏదో దట్టమైన అడవిది. సందుల్లో పచ్చటి మరక, అనుమానమే లేదు, పులి కొవ్వు.

మీ నాన్న ఎన్నింటిని కొట్టాడని అడిగాను.

"లెక్కేడిది బిడ్డా. ఊరందరికీ ఆయినే."

"దొరలు కూడా వచ్చేవాళ్ళా?"

"రాకుంటరా. దొరకు తొడ పోవాలె గద."

పులి తొడ. నా ఒళ్ళు జలదరించింది.

ఆ నెలలోనే పక్కపేట డిండోలిలో మా సమాజంవాళ్ళు పాత వస్తువుల ప్రదర్శన పెడితే, కత్తిని ఎర్రగుడ్డ మీద పరిచి ఓ అట్ట రాసిపెట్టాను: '31వ సంవత్సరపు వేట కత్తి. పులి వేటలో దొరలకు కుడిభుజమైన వేటగాడు, మల్లయ్య తండ్రి.' ఏం రాసినవ్ బిడ్డా అని కాక అడిగాడు. మీ నాన్న గొప్పతనం అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ అట్ట చదివినవాళ్ళలో రాజేశం ఒకడు. కాక మనుమడికి కూతుర్నిస్తానని మాట ఇచ్చినవాడు. మర్నాడే కబురు పంపాడు, సంబంధం వద్దని. తాతల నుంచి నేతపనే అని చెప్పినవాళ్ళు ఇప్పుడు పులుల వేట అంటున్నారు, ఇంకా ఏమేం దాచారో అని.

కాక నా దగ్గరికి వచ్చాడు. అట్ట మీద ఏముందో నాతోనే చదివించుకున్నాడు.

"నేను యాట అన్న, పండుగకు కోసేది. గీ పులి యాడికెల్లొచ్చింది, సీనూ? మగ్గం నేసే మా బాపు పిల్లి ఎదురైతేనే పక్కకు జరుగుతుండె." తర్వాత నెమ్మదిగా అన్నాడు, "పోరడు బువ్వ తింటలేడు. నువ్వే పొయ్యి చెప్పు."

కత్తి పట్టుకుని రాజేశం ఇంటికి వెళ్ళాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, భూతద్దం లేకుండానే, టీ చల్లారేలోపు తేల్చేశాడు. చిల్లు, లారీ కమాను పట్టీకి బోల్టు పెట్టేది. అంకె, పట్టీ నంబరు. కమ్మరి ఆ పట్టీనే సాగగొట్టి కత్తి చేశాడు.

పులి కొవ్వు సంగతి కూడా అడిగాను, సిగ్గులేకుండా.

"పసుపు. పోశమ్మకు యాటను మొక్కినప్పుడు కత్తికి పెడుతరు." పిడి మీద బొటనవేలు రుద్దాడు. "ఇది నాడె కట్టె. నీ చుట్టూ సాంచెలే గద, దారంతోని అటూ ఇటూ ఉరికే నాడెను గుర్తువట్టలేదా?"

మూడు తరాల నేతగాళ్ళ వంశంలో పుట్టిన నేను నేల చూశాను.

ఇచ్చినమాట నిలబెట్టుకుంటానన్నాడు రాజేశం, కానీ ఒక షరతు మీద. "అందరి ముంగట రాసినవ్. అందరి ముంగటనే చెప్పు."

నిశ్చితార్థం నాడు రెండువైపుల బంధువుల మధ్య నిలబడి చెప్పాను: ఇది మేకలు కోసే కత్తి, పులి నా బుర్రలోది, కాక నిజమే చెప్పాడు, నాకే తెలుగు రాదు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. కాక మాత్రం నవ్వలేదు, నా వీపు తట్టి భోజనానికి కూర్చోబెట్టాడు.

ఆ రోజు కూర ఆ కత్తితో కోసిన యాటదే. ముక్క ఎంత నమిలినా తెగలేదు. ఇది ఎన్నేళ్ళదో అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముక్కతో పాటు మింగేశాను. అప్పుడే, ఆ విస్తరి ముందే, ప్రతిజ్ఞ చేశాను: కత్తి వయసు గానీ, కత్తికి బలైనదాని వయసు గానీ, ఈ జన్మలో నా నోట రాదు.