మేడెక్కిన మరియమ్మ గారు

సునామీ వస్తే ఎవరు పరిగెత్తలేరో తెలుసుకోడానికి మొగల్తూరు దగ్గర సముద్రం ఒడ్డు ఊళ్ళో సర్వే చేస్తున్నాం. పోయిన వారం మోకాళ్ళ నొప్పుల మరియమ్మ గారు, "నన్నొదిలేసి పిల్లల్ని తీసుకెళ్ళండి" అనేశారు. మనసు చివుక్కుమంది.

ఈ రోజు ఉత్తుత్తి సునామీ డ్రిల్. సైరన్ మోగగానే ఆవిడ కోడలూ పక్కింటివాళ్ళూ చేపల బండి మీద పరుపేసి, ఆవిణ్ణి కూర్చోబెట్టి తుఫాను షెల్టర్‌కి తోసుకొచ్చారు.

"వదిలేయమన్నానా లేదా?" అని దారంతా ఆవిడ కేకలు.

"వదిలేస్తాం అత్తయ్యా, మేడెక్కించాక!" అంది కోడలు.

కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసేశారు. ఊరందరికంటే ముందు మేడెక్కింది ఆవిడే! రొప్పుతూ వచ్చిన మమ్మల్ని చూసి, "ఏంటండీ, సునామీ మీకోసం ఆగుద్దా?" అని ఒకటే నవ్వు. నేనైతే ఈల వేసేశాను.

కాళ్ళు బాగున్న నేనే అందరికంటే ఆఖరున చేరాను లెండి. మీ ఇంట్లో నడవలేనివాళ్ళని ఎవరు మోస్తారు? మాట్లాడుకున్నారా?