మా గోల్ఫ్ యంత్రానికి పడ్డ తిట్లు

నిసార్ అహ్మద్ భాయ్‌కి ఒక్కటే జబ్బు. మా దుకాణంలో ఉన్న గోల్ఫ్ యంత్రాన్ని నోటికొచ్చినట్టు తిడతారు. అదీ కస్టమర్ల ముందు.

ఆ యంత్రం చేసిన పాపమల్లా ఉన్నమాట చెప్పడం. చెప్పుల పెట్టె అంత ఉంటుంది. మనం కొట్టిన బంతి ఎదురుగా ఉన్న గుడ్డ తెరకు తగిలి కింద పడుతుంది. మైదానంలో అయితే అది ఎంత దూరం పోయేదో ఈ పెట్టె కెమెరాతో చూసి, లెక్కగట్టి, గజాల్లో చెబుతుంది. ఆ అంకెల్ని బట్టి మనిషికి సరిపడే స్టిక్కు బిగించి ఇవ్వడం నిసార్ భాయ్ పని. ఆటోనగర్ లేత్ షాపులో ముప్పయ్యేళ్ళు తిరిగిన చెయ్యి కనక పనికి వంక పెట్టలేను. వచ్చిన చావంతా ఆ నోటితోనే.

బెజవాడలో గోల్ఫేమిటని నవ్విన వాళ్ళందరినీ తట్టుకుని పెట్టిన దుకాణం ఇది. "మీ మిషను కరెక్టేనాండీ?" అని అడిగేవాళ్ళకి బయట నేను సమాధానం చెప్పలేక చస్తుంటే, లోపల నా మనిషే అరుస్తుంటారు: "నీ కెమెరాలో దుమ్ము కొట్ట! ఎనభయ్యా? నూట పాతిక పోయింది, నా కళ్ళతో చూశా!" తెర ఉన్నది పదడుగుల దూరంలో. నూట పాతిక గజాలు ఏ కళ్ళతో చూశారో ఆయనకే తెలియాలి.

మొన్న హద్దు దాటింది. గుణదల నుంచి సంజీవరావుగారు వచ్చారు. పక్షవాతం వచ్చి తగ్గిన మనిషి. కుడి పిడికిలి ఇంకా బిగియదు. ఈ ఆట తప్ప ఆయనకి వేరే సరదా లేదు. కొట్టారు. పెట్టె అరవయ్యొకటి చూపించింది.

"ఇంక చాల్లేవయ్యా నిసార్. ఈ స్టిక్కులు ఎవరికన్నా ఇచ్చేస్తా," అన్నారాయన.

అంతే, నిసార్ భాయ్ పెట్టె మీద విరుచుకుపడ్డారు. "దొంగసాక్షీ! పెద్దమనిషి కొట్టిన దెబ్బకి అరవయ్యొకటా? మీరు ఆదివారం రండి సార్, దీని సంగతి తేలుస్తా!"

సంజీవరావుగారు వస్తానన్నారు. కానీ తమ వంతు కోసం కూర్చున్న ఇద్దరు, మిషనే తప్పయితే మాకెందుకని లేచిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పదండి భాయ్. టేపు పెట్టి కొలుద్దాం. తప్పు మీదని తేలితే రేపట్నుంచి రానక్కర్లేదు."

"మీ ఇష్టం సార్."

పెట్టెను కారులో వేసుకుని ఉయ్యూరు దగ్గర కోతైన చేలోకి వెళ్ళాం. దిగీ దిగగానే ఆ చేను రైతు వెంకటప్పయ్య గట్టు మీంచి కేకేశాడు. "ఏం భాయ్, మళ్ళీ వచ్చావా? పోయిన సోమవారమేగా కొలుచుకుపోయింది! ఈసారి కారొచ్చిందే, స్కూటరేమైంది?"

సోమవారం మా దుకాణానికి సెలవు. నేను నిసార్ భాయ్ వైపు తిరిగాను. "నా యంత్రాన్ని స్కూటర్ మీద తెచ్చారా?"

"దుప్పట్లో చుట్టి తెచ్చా సార్. దెబ్బ తగల్లా."

"తేడా ఎంతొచ్చింది?"

"రెండు మూడు గజాలు. గాలుంటే నాలుగు. బంగారం లాంటి మిషను సార్. దాని కొలత నమ్మకపోతే స్టిక్కెలా బిగిస్తా?"

"మరి దాన్నెందుకు తిడతారండీ!" పొలమంతా వినబడేలా అరిచాను.

"మనిషి మనసు కష్టపెట్టుకుంటే మళ్ళీ రాడు సార్. దీన్ని తిడితే ఇదెక్కడికి పోద్ది?"

నాకు కోపం మాత్రం పోలేదు. ఆ ముక్క ముందే చెబితే రెండేళ్ళుగా నా రక్తం మరిగేది కాదుగా అని దారంతా ఆయన్ని తిడుతూనే వచ్చాను.

ఆదివారం సంజీవరావుగారు వచ్చారు. ఆ అరవయ్యొకటినే లెక్కలో పెట్టుకుని నిసార్ భాయ్ తేలికపాటి స్టిక్కు తయారుచేశారు. బిగియని పిడికిలికి ఆనేలా గ్రిప్పు లావుగా చుట్టారు. ఆయన కొట్టారు. డెబ్బై నాలుగు.

లోపల చప్పుడు లేదు. సంజీవరావుగారు కంగారుగా వెనక్కి తిరిగారు. "ఏం నిసార్, తిట్టవేం?"

"ఇవాళ నిజం చెప్పింది సార్."

ఆయన మొహం వెలిగిపోయింది. ఆ ఉత్సాహంలో ఇంకో బంతి పెట్టి బలంగా ఊపారు. స్టిక్కు కింద పరిచిన చాపకి తగిలింది. బంతి పక్కకి దొర్లింది. పెట్టె పన్నెండు అంది. నిసార్ భాయ్ నోరు తెరిచేలోపు నేనే కుర్చీలోంచి లేచాను.

"దొంగమొహమా! కళ్ళు పోయాయా నీకు? పెద్దాయన కొడితే పన్నెండా?"