బండి కింద కాటా పళ్లెం

మా మామగారు ఏ వస్తువైనా మంచిదో కాదో తేల్చాలంటే ముందు దాన్ని చేత్తో ఎత్తి చూసేవారు. రాయచూరు బజారులో మాది ఇనుప సామాన్ల దుకాణం. బుద్ధెరిగినప్పటి నుంచి ఇనుము తూచి బతికిన మనిషి ఆయన. బరువుంటే సరుకు, లేకుంటే రేకు, అంతే లెక్క. పెళ్లిచూపుల్లో నన్నూ ఎత్తి చూసేవారేమో, మర్యాద అడ్డొచ్చింది గానీ.

ఆయనకు ఒక్కడే కొడుకు. ఆ కొడుక్కి దుకాణమంటే గిట్టదు. గద్దె మీద కూర్చున్న రోజు మా ఆయన ముఖం పథ్యం తింటున్న రోగి ముఖంలా ఉండేది. గిరాకీ వస్తే లేవడు, పోతే చూడడు. పెళ్లయిన కొత్తలో ఆ ముఖం చూసి, నేనంటే ఇష్టం లేదేమోనని లోపల లోపల కుమిలిపోయాను.

అప్పుడే కృష్ణ ఒడ్డున కరెంటు కార్ఖానా లేస్తోంది. ఊళ్లో అందరూ దాన్ని థర్మల్ అనేవారు. అక్కణ్ణుంచి నాలుగు దిక్కులకీ టవర్ల లైన్లు వేస్తున్నారు. టవర్లు రోడ్డు పక్కన నిలబడవు కదా, రాళ్ల గుట్టల మీద, నల్లరేగడి చేల నడుమ నిలబడతాయి. అక్కడికి లారీలు పోలేవు. మా ఆయన మిలిటరీ వాళ్ల వేలంలో వచ్చిన, పైకప్పు లేని చిన్న పాత ట్రక్కు ఒకటి పట్టుకొచ్చాడు. నాలుగు చక్రాలూ లాగే బండి. అందులో కూలీలను, గొలుసులను, తీగ చుట్టలను ఆ గుట్టలెక్కించే పని దొరికింది. ఆ పనిలో పడ్డాక మనిషే మారిపోయాడు. ఒళ్లంతా మట్టితో ఇంటికొచ్చి, వంటింటి గడప మీదే కూర్చుని, ఏ రాయి ఎలా ఎక్కించాడో చెప్పేవాడు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా చెబుతూ ఉంటే చాలనిపించేది. నాకు మొగుడు దొరికింది ఆ బండి వచ్చాకే అని ఇప్పటికీ అంటాను.

అలాంటి బండి ముదగల్ దగ్గర రాయి తగిలి ఆగిపోయింది. ఇంజను అడుగున ఆయిల్ చాంబర్ అని ఉంటుంది, నూనె నిలిచే తొట్టి. అది పగిలి నూనంతా కారిపోయింది. ఇంజను బిగుసుకుపోయింది. ఇంకో బండికి కట్టి ఈడ్చుకొచ్చారు. బాగుచేయించి తీసుకెళ్లాడో లేదో, మళ్లీ అదే చోట పగిలింది. ఈసారి మామగారు అరవలేదు. ఆయన అరవలేదంటేనే భయం.

"ఇంకొక్కసారి బండి యాడన్న కూలవడ్డదంటే అమ్మేస్త. సప్పుడు చేయకుండ వచ్చి గద్దె మీద కూసో," అన్నారు.

మా ఆయన తలకాయ ఊపాడు. ఆ పథ్యం ముఖం జన్మంతా చూడాలా అనుకున్నాను.

బండి బాగుచేసే మేస్త్రీ దుకాణానికి వచ్చి ఉపాయం చెప్పాడు. "కింద మందం ప్లేటు బిగిద్దాం సేఠ్. రాయి తగిలినా ప్లేటుకే తగుల్తది, చాంబర్ బేఫికర్."

నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను. మా ఇంట్లో కోడలు మామగారి ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు లేదు. ఏళ్లు గడిచినా నా గొంతు ఆయనకు తలుపు చాటు నుంచి తెలిసిందే తప్ప, ముఖాముఖి ఒక్క మాట లేదు. ఏదైనా చెప్పాలంటే మా ఆయనతో అన్నట్టు కాస్త గట్టిగా అనాలి. ఆయనా జవాబు మా ఆయనకే చెప్పేవారు.

మేస్త్రీ ప్లేటు అనగానే మామగారు లేచి లోపలికి వెళ్లారు. హమాలీ చేత కాటా పళ్లెం మోయించుకొచ్చారు. మేమంతా నోళ్లు తెరిచాం.

అది మా పాత దూలం కాటాది. కొత్త తూకం మిషను వచ్చాక ఆ కాటా దించేశారు. రెండు ఇనుప పళ్లేలు మాత్రం దేవుడి గది పక్కన గోడకు ఆనించి ఉండేవి. దీపావళి రోజు వాటికి పసుపు కుంకుమలు, పూలు. ఒక్కో పళ్లెం చదరంగా, మందంగా, చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తు అంచుతో పెద్ద తాంబాళంలా ఉండేది. గొలుసులు తగిలించడానికి నాలుగు మూలలా కొండీలు.

"దీన్ని మించిన ప్లేటు ఈ ఊర్ల దొరకదు. మా తాత దీని మీద తూచిండు. తక్కువ తూగిందని ఒక్కడు అనలే. అసొంటిది నా కొడుకును కాయదా?" అన్నారు.

కొడుకు బండంటే మండిపడే మనిషి ఇంట్లో పూజలందుకునే వస్తువును ఆ బండి కింద పెట్టమంటున్నారు. మా అత్తగారు కళ్లు తుడుచుకుంది.

మేస్త్రీ పళ్లెం మీద వేలితో చూపించాడు. "నడుమ బొక్కలు కొట్టాలె సేఠ్. ఆయిల్ మార్చనీకి ఒకటి, నీళ్లు, బురద పోనీకి ఇంక కొన్ని."

మామగారి ముఖం మాడిపోయింది. "కాటా పళ్లేనికి బొక్కనా?"

ఆ కోపం ఎందుకో బజారులో పుట్టిన వాళ్లకే తెలుస్తుంది. వెనకటికి కొందరు దొంగ వ్యాపారులు తూకపు రాళ్లు పెట్టే పళ్లేనికి అడుగున బొక్కలు తొలిచి బరువు తగ్గించేవారట. అప్పుడు సరుకు తక్కువైనా కాటా సమంగా నిలుస్తుంది. బొక్కపళ్లెం షావుకారు అంటే మా బజారులో అంతకు మించిన తిట్టు లేదు. ఆ మాట అనిపించుకున్న ఇంటికి పిల్లనిచ్చేవాళ్లు కూడా వెనకాడేవారట.

"ఇడ్లి పళ్లేనికి గూడ బొక్కలుంటయి, లోపలిది బయటికి పోవద్దా," అన్నాను తలుపు వెనక నుంచి, మా ఆయనకు చెబుతున్నట్టుగా.

"వంటింటి మాట వంటింట్లనే ఉండనీయిరా," అన్నారు మామగారు, ఆయనా మా ఆయనకు చెబుతున్నట్టుగానే.

నాకు ఒళ్లు మండింది. కానీ నిజం చెప్పాలి, జరగబోయేది నాకూ తట్టలేదు. బురద నిండితే బండి బరువెక్కుతుందేమో అనుకున్నానంతే. మా ఆయన తండ్రి మాట కాదనలేదు. నాలుగు కొండీలు ఉండనే ఉన్నాయి కదా, వాటిలోంచే బోల్టులు వేసి చాసీకి బిగించమన్నారు మామగారు. అంచు కిందికి ఉంటే రాళ్లకు చిక్కుకుంటుందని మేస్త్రీ పళ్లేన్ని అంచు పైకి ఉండేలా బిగించాడు. ఇంజను కింద పెద్ద తాంబాళం పట్టినట్టు తయారైంది. దాని మీద, చెయ్యి దూరేంత ఖాళీలో, సైలెన్సర్ గొట్టం.

"నేను ముంగట కూసొని చూస్త. సక్కగ పోయి సక్కగ వచ్చెనా, బండి నీది. లేదా, రేపే అమ్మకం," అన్నారు మామగారు.

ఆయనకు మోకాళ్లు పట్టేశాయి, ఒక మనిషి ఆసరా లేనిదే బండి దిగలేరు. తోడు రావలసిన గుమాస్తాకు జ్వరం. కొత్త ప్లేటు వేసిన బండి కదా, టవర్ దగ్గర కొబ్బరికాయ కొట్టాలని మా అత్తగారు బుట్ట నా చేతికిచ్చి వెనక ఎక్కించింది. అలా నేనూ వెళ్లాను.

చంద్రబండ ఊరు దాటాక దారి వదిలి చేలల్లోకి దిగాం. జొన్న కోతలైపోయి మోళ్లు మిగిలి ఉన్నాయి. ఎండుటాకులు, పక్క చేలోంచి కొట్టుకొచ్చిన పత్తి పీచు. అది దాటితే గుట్ట. మొదటి రాయి తగిలి పళ్లెం ఖంగుమంది. బండి ఆగలేదు. రెండోది తగిలింది. అయినా ఆగలేదు. మామగారు వెనక్కి తిరగలేదు గానీ భుజాలు కదిలాయి. నవ్వుతున్నారు! మా ఆయన ఈల వేశాడు. తండ్రి ముందు ఈల వేయడం అదే మొదలు.

గుట్ట దిగి, టవర్ ఇంకా ముందుండగానే మళ్లీ మోళ్లలో పడ్డాం. అప్పుడు వాసన వచ్చింది.

"రొట్టె మాడిన వాసన ఒస్తుందేందిరా?" అన్నారు మామగారు.

నాకూ జొన్నరొట్టె మాడినట్టే అనిపించింది. చుట్టూ చూశాను. ఎక్కడా పొయ్యి లేదు, మనిషి లేడు. అంతలో గేరు రాడ్డు పక్క సందులోంచి పొగ సన్నగా లేచింది. మా ఆయన బండి ఆపి, దూకి, బానెట్ ఎత్తాడు. మంట.

బండి పోతున్నంతసేపూ ఆ పళ్లెం మోళ్లను, ఆకులను, పత్తిని కోసి తనలో నింపుకుంది. పాత ఇంజను కార్చిన నూనె కిందికి పోయే దారిలేక అందులోనే నిలిచింది. మీద కాలే గొట్టం. ఇంక కావలసిందేముంది? పెట్రోలు ట్యాంకేమో ముందు సీటు కింద. ఆ సీట్లో మామగారు.

"దిగు నాయినా! దిగు!" అని అరిచి మా ఆయన పానా తీసుకుని బండి కిందికి దూరాడు. పళ్లెం ఊడితే తప్ప మంట ఆగదు.

నేను దూకి ముందుకు పరిగెత్తాను. మామగారు కడ్డీ పట్టుకుని ఒక కాలు బయటపెట్టి ఆగిపోయారు. రెండో కాలు రావడం లేదు.

"మెడ సుట్టు చేతులెయ్యుండ్రి మామా!" అన్నాను.

ఆయన నా వైపు చూశారు. కాళ్ల కింద పెట్రోలు, దాని కింద నిప్పు, ఆయన కోడల్ని ముట్టుకోవడానికి సంకోచిస్తున్నారు. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

"సిగ్గు తర్వాత పడుదురు! చేతులెయ్యుండ్రి!" అని బజారంతా వినబడేంత గట్టిగా అరిచాను.

వేశారు. లాగాను. ఇద్దరం మోళ్లలో పడ్డాం. మోచేతులు చీరుకుపోయాయి. ఆయన్ని చంకల కింద పట్టుకుని దూరంగా ఈడుస్తుంటే ఆయన చూపు బండి మీదే ఉంది. బండి కింద నుంచి బయటికి కనిపిస్తున్న రెండు కాళ్ల మీద.

"బయటికి రారా! బండి పోతే పోనీ! రారా బయటికి!" గొంతు పగిలిపోతోంది ఆయనకు.

కాళ్లు కదిలాయి గానీ బయటికి రాలేదు. పానా ఇనుముకు తగిలిన చప్పుడు, మళ్లీ చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ క్షణం గురించి ఇంతకన్నా రాయలేను. ఒక్కసారిగా పళ్లెం ముందువైపు నేలకు పడింది. మండుతున్న చెత్తంతా జారింది. మా ఆయన దొర్లుకుంటూ ఇవతలికి వచ్చాడు.

ఇప్పుడు నిప్పు నేల మీద, ట్యాంకుకు సూటిగా కింద. బండిని కదపాలి. మా ఆయనా నేనూ బండి వెనక్కి వెళ్లి నెట్టాం. కొంచెం జరిగింది, మళ్లీ వెనక్కి వచ్చింది. ఇంకో జత చేతులు నా పక్కన పడ్డాయి. మోకాళ్లు వంగని మనిషి ఎలా లేచారో, ఎలా వచ్చారో తెలియదు. ముగ్గురం నెట్టాం. బండి కదిలి, పళ్లేన్ని ఈడ్చుకుంటూ పల్లంలోకి పోయింది. అంటుకున్న మోళ్లను టార్పాలిన్‌తో కొట్టి, మన్ను పోసి ఆర్పాం.

మా ఆయన అరచేతులు రెండూ బొబ్బలెక్కి పొంగిపోయాయి. నీళ్ల క్యాను తెచ్చి పోస్తూ ఏడ్చేశాను. తండ్రి వైపు చూడకుండా మా ఆయన అన్నాడు: "అమ్మెయ్యి నాయినా. రేపటి సంది గద్దె మీద కూసుంట."

మామగారు పళ్లెం వైపే చూస్తున్నారు. దారిన పోయే ట్రాక్టరుకు బండి కట్టించుకుని ఇంటికి చేరాం. మా అత్తగారు ఏం జరిగిందని అడిగితే మామగారు పళ్లెం వైపు చెయ్యి చూపి లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే మా ఆయన చేతులకు కట్లతో, తెల్లబట్టలతో గద్దె మీద కూర్చున్నాడు. అదే ముఖం. నేను తలుపు వెనక నిలబడి చూడలేకపోయాను, అక్కణ్ణుంచి కదలనూ లేకపోయాను.

కాసేపటికి మామగారు వచ్చారు. కొడుకు పక్కన కూర్చోలేదు. మసి పట్టిన పళ్లేన్ని దుకాణం ముందు, బజారు నడుమ, అందరూ తిరిగే చోట పెట్టించారు. మేస్త్రీకి కబురు పంపారు. అతను డ్రిల్ మిషనుతో వచ్చాడు. మామగారు సుద్దముక్క తీసుకుని ఎక్కడెక్కడ కొట్టాలో తానే గుర్తులు పెట్టారు. గోడలోంచి తీగ లాగి మిషను పట్టగానే కరెంటు పోయింది. కార్ఖానా పక్కూళ్లోనే ఉన్నా మాకు కరెంటు దక్కేది అంతంతే.

జనం చేరారు. ఎదుటి దుకాణం షావుకారు మెట్లు దిగి వచ్చాడు. మామగారితో చిన్నప్పుడు కలిసి చదువుకున్న మనిషి.

"ఏందిది? కాటా పళ్లేనికి బొక్క కొట్టిపిస్తున్నవా? అందరు చూస్తుండ్రు. లోపలికన్న తీస్కపో," అన్నాడు చిన్న గొంతుతో.

"చూడనీ," అన్నారు మామగారు.

"నీ ఇంటి మర్యాద పోతదయ్యా."

మామగారు పళ్లెం మీద చెయ్యి పెట్టుకుని ఉన్నారు. "నిన్న నా కొడుకు దీని కింద పండి కాలుతుండె. బయటికి రారా అంటే రాలే. బండి కోసం కాదు, నేను పెట్టిపిచ్చిన పళ్లెం మీద మాట రావద్దని. ఇగ దీని మర్యాద నాకెందుకు?"

ఎదుటి షావుకారు పక్కకు జరిగాడు. కరెంటు వచ్చింది. మేస్త్రీ మామగారి ముఖంలోకి చూశాడు. ఆయన తల ఊపారు. మిషను గర్జించి ఇనుప రజను మెరుస్తూ లేచింది. మొదటి బొక్క పడ్డాక మామగారు గద్దె వైపు తిరిగారు. కళ్ల నిండా నీళ్లున్నాయి, గొంతులో మాత్రం పాత కటువే.

"ఏం చూస్తున్నవురా? నీకు అక్కడేం పని? లే. వచ్చి నీ బండికి యాడ కావాల్నో చూసుకో."