సారలమ్మ డిగ్రీ సీటు

నాచారంలోని ఒక మందుల కంపెనీలో సారలమ్మ పదేళ్లుగా ప్యాకింగ్ సెక్షన్‌లో పని చేస్తోంది. డబ్బాకు పది గోలీల షీట్లు, మీద మందు వివరాలు అచ్చేసి మడతపెట్టిన కాగితం ఒకటి. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా అదే పని. ములుగు దగ్గరి పల్లెలో ఏడో తరగతితో ఆగిపోయిన చదువు ఆమెది. పెళ్ళయి పట్నం వచ్చాక ఆ మడత కాగితాలనే కూడబలుక్కుని చదివేది. అది ఒకనాడు ఆఫీసులో పనిచేసే రాజశ్రీ కంట పడింది.

"ఓపెన్ యూనివర్సిటీ వాళ్ళు అర్హత పరీక్ష పెడతారు సారలమ్మ గారూ. పది లేకపోయినా ఫర్వాలేదు, అది పాసైతే నేరుగా డిగ్రీలో చేరొచ్చు. రాసేయండి," అంది గుంటూరు నుంచి వచ్చిన ఆ అమ్మాయి. అనడమే కాదు, ఫారం తెచ్చి దగ్గరుండి నింపించింది.

అలా 2007 ఎండాకాలంలో చిలకానగర్‌లోని సారలమ్మ వాళ్ళ రెండు గదుల ఇంట్లో ఇద్దరు పరీక్షలు రాశారు. కూతురు సంతోషి పది పాసై పాలిటెక్నిక్ ఎంట్రెన్స్ రాసింది, మంచి ర్యాంకే వచ్చింది, ఏ కాలేజీలోనైనా సీటొస్తుందో లేదో తేలాలి. తల్లి డిగ్రీ కోసం రాసింది, పాసో ఫెయిలో తేలాలి.

రాసేటప్పుడు లేని గుబులు రాశాక మొదలైంది సారలమ్మకు. ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతికింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉప్పల్ దాకా కనబడిన బోర్డునల్లా పైకి చదివింది. ఆదివారం కీసర గుట్టకు పోతే మెట్టుకో ప్రశ్న గుర్తొచ్చింది. సగం ఎక్కాక ఠక్కున ఆగి, "అయ్యో, గోదావరి ఏడ పుడుతదో తప్పు రాసిన్నే!" అని అరిచింది. పైనుంచి దిగుతున్న ముసలాయన ఉలిక్కిపడి పక్కకు జరిగాడు.

"అమ్మా, నాకన్న నువ్వే మస్తు పరేషాన్ అయితున్నవ్," అంది సంతోషి. "ఇగ ఇంట్ల ఫలితం ముచ్చట ఎవరు తీస్తే ఆ పూట బాసండ్లు వాళ్ళే తోమాలె. సరేనా?"

"సరే," అంది సారలమ్మ. మర్నాడు చాయ్ పొంగకముందే, "ఇయ్యాల పేపర్ల ఏమన్న పడ్డదానే?" అని అడిగి ఓడిపోయింది. ఆ సాయంత్రం ట్రాలీ ఆటో గేటు ముందు ఆపి లోపలికొస్తూనే సారలమ్మ మొగుడు పోశయ్య, "ఏమన్న తెలిసిందా?" అన్నాడు. తల్లీకూతుళ్ళిద్దరూ కుళాయి కింద గిన్నెల కుప్ప చూపించారు. సంగతి తెలిశాక, "గిదేం లెక్క!" అని గొణుగుతూనే లుంగీ ఎగగట్టి కూర్చున్నాడు.

ఒక గురువారం పదకొండు గంటలకు సారలమ్మ ఫలితం తేలింది. ప్యాకింగ్ సెక్షన్‌లోకి ఫోన్లు తేకూడదు, నెత్తికి టోపీ, మూతికి మాస్కు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. రాజశ్రీ వరండాలో అద్దం అవతల నిలబడి ఒక కాగితం ఊపింది. నంబర్లు చీమల బారులా ఉన్నాయి, సారలమ్మకు ఏమీ కనబడలేదు. తల అడ్డంగా ఊపింది. రాజశ్రీ పరుగెత్తింది. సారలమ్మ చేతులు ఆగే వీల్లేదు, బెల్టు మీద షీట్లు వస్తూనే ఉన్నాయి. రెండు నిమిషాలకు రాజశ్రీ తిరిగొచ్చి అద్దానికి ఇంకో కాగితం ఆనించింది. ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు: "పాసయ్యారు! డిగ్రీలో చేరొచ్చు!"

సారలమ్మకు ఎగరాలనిపించింది, అరవాలనిపించింది.

"ఏమైందే? ఒక్క డబ్బాల రెండు కాగితాలు పెడుతున్నవ్!" అని పక్కనున్న మల్లవ్వ మిషన్ చప్పుడు మీదుగా కేకేసింది.

"నాకు కాలేజీల సీటొచ్చిందే!"

"బిడ్డకా?"

"బిడ్డకు కాదు, నాకు! నాకే!"

మాట ఒక చెవి నుంచి ఇంకో చెవికి పాకింది. బెల్టు ఆ చివరికి చేరేసరికి సారలమ్మ బిడ్డ డాక్టరైంది. చప్పట్లు మోగాయి. సూపర్‌వైజర్ విజయభాస్కర్ విసవిసా వచ్చాడు. ఇక తిట్లే అనుకుంది సారలమ్మ. ఆయన సంగతంతా విని, "ఏ సబ్జెక్టులు తీసుకుంటారు?" అని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే, "సరే, అది తర్వాత. ముందు ఆ కాగితాలు ఎక్కువ పెట్టిన డబ్బాలన్నీ విప్పండి," అన్నాడు. పన్నెండు డబ్బాలు తేలాయి. మాస్కు వెనక నవ్వుకుంటూనే పన్నెండూ విప్పి సర్దింది.

ఇంటికొచ్చి చెబితే సంతోషి ఎగిరి మెడకు చుట్టుకుంది. కాసేపటికి మాత్రం గడప మీద కూర్చుని గోళ్ళు కొరకసాగింది. సారలమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది.

"నీకొచ్చింది. నాకు రాకపోతే ఎట్లమ్మా?"

"రాకపోతే మళ్ళ రాస్తవ్. నేను ఏడో తరగతి కాడ ఆగి ఇరవై ఏండ్లకు రాసిన. నీకు ఫికరెందుకే?" అంది తల్లి. ఆ మాట సంతోషికి ఎంత పట్టిందో గానీ, గోళ్ళు కొరకడం మానేసింది.

శనివారం సంతోషి వాళ్ళ సీట్ల జాబితా కూడా వచ్చింది. మహిళా పాలిటెక్నిక్‌లో సీటు. కోరుకున్న కంప్యూటర్స్ కాదు, ఎలక్ట్రానిక్స్. అయినా సరే, తల్లితో వచ్చి జాబితా చూసిన నెట్ సెంటర్ మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగింది పిల్ల.

అటునుంచి అటే ఇద్దరూ దరఖాస్తు ఫొటోలకని ఉప్పల్ చౌరస్తాలోని స్టూడియోకు వెళ్ళారు. సంతోషిది ఒక్క దెబ్బకు అయిపోయింది. సారలమ్మ దగ్గరే ఇబ్బంది వచ్చింది. "అక్కా, జర పెదాలు మూయి. గవర్నమెంట్ కాగితమది," అని ఫొటోగ్రాఫర్ మూడుసార్లు చెప్పాడు. మూసినట్టే మూసేది, లైటు వెలగ్గానే నవ్వు తన్నుకొచ్చేది. చివరికి ఆయనే ఓడిపోయి నొక్కేశాడు. డిగ్రీ చదివిన మూడేళ్ళ పాటు ఆమె గుర్తింపు కార్డు మీద ముప్పైరెండు పళ్ళూ కనబడుతూనే ఉన్నాయి.