మంచుపట్టీలకు బియ్యప్పిండి

మా ఇంట్లో ఫ్రిజ్జు అత్తయ్యది. ఇరవై రెండేళ్ళ కాపురంలో అందులో నా పెత్తనం ఏనాడూ లేదు. పాలు ఏ అరలో ఉండాలో, కరివేపాకు ఏ డబ్బాలో ఉండాలో అంతా ఆవిడ ఇష్టం. అలాంటి ఫ్రిజ్జులో, లాక్‌డౌన్ పెట్టిన ఏడాది ఏప్రిల్లో, పొడుగాటి వెంట్రుకల పట్టీలు రెండు మడతపెట్టి దొంగచాటుగా దాచాను. మర్నాడే దొరికిపోయాను.

“ఏటే అమ్మా ఇది? మేక తోలు తెచ్చి పెరుగు పక్కనెట్టినావేటి?”

షావుకార్ల ఇల్లు మాది. కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. “తోలు కాదత్తయ్యా, నైలాను” అన్నాను. అందులో కాస్త మేక బొచ్చు కూడా కలుస్తుందని మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

ఆ పట్టీల సంగతి చెప్పాలంటే నా పిచ్చి సంగతి చెప్పాలి. నేను ఒడిశాలోని బరంపురంలో స్కూలు టీచర్ని. ముప్పై దాటాక ఒకసారి స్కూలు పిల్లల్ని వెంటబెట్టుకుని హిమాచల్లో మంచు కొండల శిబిరానికి వెళ్ళాను. నాలుగో రోజుకి పిల్లలు ఇంటికి పోదామని ఏడుపు, నేను రానని మొండికేయడం. అప్పట్నుంచి ఏటా పరీక్ష పేపర్లు దిద్దేసి, పన్నెండు రోజులు సెలవు పెట్టి వెళ్ళేదాన్ని. అక్కడ కొండెక్కించడానికి తీగల మీద నడిచే పెట్టెలేవీ ఉండవు. కాళ్ళకి మంచు మీద జారే స్కీ చెక్కలు కట్టుకుని మన కాళ్ళతో మనమే కొండెక్కాలి. అరపూట ఎక్కితే పది నిమిషాల్లో జారి కిందికొచ్చేస్తాం. “ఆ పది నిమిషాలకి అంత దూరం రైల్లో పడి పోవాలా?” అని మా ఆయన ఏటా అడిగేవారు, ఏటా స్టేషనుకి తీసుకెళ్ళి ఎక్కించేవారు.

ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా చెక్కల అడుగున అంటించుకునేవే ఆ పట్టీలు. ఒక వైపు వెంట్రుకలు, రెండో వైపు జిగురు. మిగతా సామానంతా అక్కడి ఊళ్ళోనే ఉంటుంది. పట్టీలు అరిగిపోయాయని ఆ ఏడు కొత్తవి విదేశం నుంచి తెప్పించుకున్నాను, ఆర్నెల్లు ఎదురుచూసి. అవి వచ్చిన నెలకే రైళ్ళు ఆగిపోయాయి. ఇక్కడ బరంపురంలో, మా హల్దియాపదర్ మేడలో ఎండకి ఆ జిగురు కారిపోతుందేమోనని నా భయం. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడైనా వెళ్ళాలి కదా.

ఆ వేసవి నేను మంచు కోసం అలమటించాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఫ్రిజ్జు పైఅర తెరిచి తల లోపల పెట్టుకుని నిలబడేదాన్ని. “సలవంతా బైటికి పోతాది, మూసీ” అని వెనక నుంచి కేక. ఇంతకీ జారడం మీద నాకంత బెంగ లేదు. అక్కడ ఆ పన్నెండు రోజులూ నన్నెవరూ పిలవరు, అదీ నా బెంగ. నలుగురం వరసగా ఎక్కుతాం, మనిషికీ మనిషికీ మధ్య చాలా దూరం, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మాటుండదు. ఇక్కడేమో మా ఆయన కాఫీ అంటారు, ఫోన్లో పిల్లలు వినబడట్లేదు మేడమ్ అంటారు, పనిమనిషి రాని ఇంట్లో అత్తయ్య గంటకి పదిసార్లు అమ్మా అంటుంది. ఆ పిలుపులకి నాకు పిచ్చెక్కిపోయేది.

జూన్లో ఒక పెద్ద గాలివాన తర్వాత రెండు రోజులు కరెంటు లేదు. నేను గదిలో ఫోన్లో పాఠం చెబుతుంటే అత్తయ్య ఫ్రిజ్జు ఖాళీ చేసింది. పాఠం ముగించి వచ్చేసరికి నా పట్టీలు పాత చీర ముక్కలో అందంగా చుట్టి ఉన్నాయి. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

“కరిగిపోయి ఒకదానికొకటి అతుక్కుపోనాయే అమ్మా. బలంగా లాగి ఇడదీసినాను. బియ్యప్పిండి అద్దినాను. మరింక అంటుకోవు, సూడు.”

జిగురు పాడవకుండా వాటిని అలా అతికించే ఉంచాలని ఆవిడకేం తెలుసు? జీవితమంతా అప్పడాలు ఒత్తిన చెయ్యి. అంటుకునేది ఏది కనబడినా పిండి అద్దడమే తెలుసు. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. “ఈ ఇంట్లో నాదంటూ ఒక్క వస్తువైనా ఉండనివ్వరా?” అని అరిచాను. ఇన్నేళ్ళలో ఆవిడ మీద గొంతు లేపడం అదే మొదలు. ఆవిడ చేతికున్న పిండి కడుక్కుని వెళ్ళిపోయింది.

మూడు రోజులు నన్ను పిలవలేదు. ఏది కావాలన్నా తనే లేచి తెచ్చుకుంది. ఎవరూ పిలవకపోవడమే కదా నేను కోరుకున్నది, అది ఇంట్లో దొరికేసరికి ఒక్క పూట కూడా భరించలేకపోయాను.

నాలుగో రోజు చూస్తే పట్టీ ఒళ్ళో వేసుకుని, పాత బ్రష్షుతో పిండి దులుపుతోంది. అది ఇంక బాగుపడేది కాదు. పక్కన కూర్చున్నాను. ఆవిడ చెయ్యి పట్టుకుని వెంట్రుకల మీద అటూ ఇటూ నిమిరించాను.

“ఇటు జారతాది, అటు జారదు. అందుకే కొండెక్కగలుగుతాం అత్తయ్యా.”

“హఉ” అంది, ఒడియావాళ్ళు సరే అన్నట్టు. మళ్ళీ దులుపుతూ, “అక్కడ నీతోటి ఎవులుంటారే?”

“ముగ్గురుంటారు. దూరందూరంగా. మాటాడుకోం.”

“పూటంతానా? ఎవులూ పిలవరా?”

“పిలవరు.”

బ్రష్షు ఆగింది. “ఎవులూ పిలవని పూట నాకొక్కటీ గేపకం లేదే అమ్మా.”

ఉప్పు అయిపోయిందన్నంత మామూలుగా అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఏటా నేను కొండల్లో ఉన్న ఆ పన్నెండు రోజులూ ఈ ఇంట్లో నాకొచ్చే పిలుపులకి కూడా కలిపి పలికింది ఎవరో, అప్పటిదాకా ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

మర్నాడు సాయంత్రం డాబా మీద కుర్చీ వేసి, ఒక గంట కూర్చోమని ఆవిడని పైకి పంపాను. “ఏటి సెయ్యాలే అక్కడ?” అంది. “ఏటీ సెయ్యొద్దు. ఎవరు పిలిచినా పలకొద్దు” అన్నాను. సణుక్కుంటూనే ఎక్కింది. తలుపు దగ్గరగా వేసి వచ్చాను.

మా ఆయన కొట్టు కట్టేసి వచ్చి చెప్పులింకా విప్పలేదు, “అమ్మా” అని కేక పెట్టబోయారు.

“పిలవకండి. ఏం కావాలో నాకు చెప్పండి.”

ఆయన చెప్పులు విప్పారు. “ఏమీ లేదు. ఊరికే.”

గంట దాటింది. చీకటి పడింది. అత్తయ్య ఇంకా దిగలేదు. రోజూ ఆవిడ పెట్టే దేవుడి దీపం ఆ రోజు నేను పెట్టాను.