బంద్ పేరు చెప్పి దాచిన మాత్రలు

ఒక మాటను నోటి దాకా తెచ్చుకుని మింగేయడం నాకు ఏళ్లుగా అలవాటైపోయింది. ఇక మింగలేను. ఇంట్లోవాళ్లకు చెప్పే ధైర్యం లేదు, అందుకే మీకు చెబుతున్నాను. మా బాపు చివరి రోజుల్లో నొప్పితో అల్లాడాడు. అది తగ్గించే మాత్రలు నా దగ్గరే ఉన్నాయి. నేను ఇవ్వలేదు.

బాపు కేసముద్రం మార్కెట్లో హమాలీ. వీపు మీద బస్తా ఉన్నా ఎదురొచ్చినవాళ్లను ఆటపట్టించకుండా వదిలేవాడు కాదు. నా వంటకు వంకలు పెడుతూనే రెండోసారి వడ్డించుకునేవాడు. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో దవడలో పుండు లేచింది. క్యాన్సర్ అన్నారు. అయినా ఓపిక ఉన్నంతకాలం దీక్ష టెంటులో కూర్చుని వచ్చేవాడు.

రిపోర్టులు పట్టుకుని నేనొక్కదాన్నే వరంగల్ వెళ్లాను. ఇక నయం కాదని, కనీసం నొప్పి లేకుండా చూసుకోమని డాక్టరు మార్ఫిన్ మాత్రలిచ్చాడు. తిరిగొచ్చే దారిలో తెలిసినామె ఆ మాత్రలు చూసి, అది మత్తుమందని, మొదలుపెడితే మనిషిని సాగనంపినట్టేనని చెప్పింది. డాక్టర్ని మళ్లీ అడగొచ్చు కదా? అడగలేదు. నిజమే అంటాడేమోనని భయం. మాత్రలు కందిపప్పు డబ్బా అడుగున పెట్టేశాను. బంద్ వల్ల మందులు రావట్లేదని బాపుతో చెప్పాను. బస్సులూ రైళ్లూ మాటిమాటికీ ఆగిపోతున్న రోజులు, ఎవరైనా నమ్ముతారు.

బాపూ నమ్మాడు. జావ కూడా మింగలేక కారుతున్న కన్నీళ్లు తుడుచుకుని, నన్నే ఓదార్చాడు.

"పరేషాన్ గాకు బిడ్డా. ఒకలు నౌకరి బంద్ వెట్టిండ్రు, ఒకలు సదువు బంద్ వెట్టిండ్రు. నాతోని ఏమైతది? గీ నొప్పి ఓర్సుకుంట. తెలంగాణకు నా వంతు గిదే అనుకో."

నేనేమన్నాను? "అట్లనే బాపూ" అన్నాను.

ఆ తర్వాత పన్నెండు రోజులు బతికాడు. ఒక్క రోజూ సరిగా నిద్రపోలేదు. ప్రేమకొద్దీ దాచానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ప్రేమే, కాదనను. కానీ నా భయాన్ని కూడా ఆయన మీదే వేశాను కదా?

చాలా ఏళ్లకు మా అత్తమ్మకు అదే జబ్బు వచ్చింది. ఇంటికొచ్చిన నర్సు అవే మాత్రలు తెచ్చింది. డాక్టరు చెప్పినట్టు వాడితే వాటివల్ల ప్రాణం పోదని, నొప్పి తగ్గి మనిషి కాస్త తింటుందని, నిద్రపోతుందని నెమ్మదిగా వివరించింది. సాయంత్రానికి అత్తమ్మ లేచి కూర్చుని చాయ్ అడిగింది. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. ఆమె కోసమే అనుకున్నారు అందరూ.

మిమ్మల్ని క్షమించమనడం లేదు. బాపు ఉంటే నవ్వి క్షమించేసేవాడు, అందుకే ఆ మాట అడగడానికి నోరు రావడం లేదు. తన వంతు అనుకుని ఆయన ఓర్చుకున్న ఆ నొప్పిని తెలంగాణ అడగలేదు. నేను పెట్టాను. రాసేశాను. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.